ఇన్హేలర్ పీలిస్తే వేగం పెరుగుతుందా? పరుగుకు ముందు పఫ్ ఇలా తీసుకోండి

అందరికీ నమస్కారం. ఉబ్బసం ఉండి కూడా పరుగెత్తేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, ఈదేవాళ్లు... ఈ వీడియో మీ కోసమే. ఇన్హేలర్ వాడితే వేగం పెరుగుతుందా, అది మోసమా అని నన్ను చాలామంది అడిగారు. చెప్తాను. ముందు పఫ్ తీసుకుని చూపిస్తాను, మిగతాది మాట్లాడుకుందాం.

ఇదిగో, ఇది సాల్బుటమాల్. రిలీవర్ అంటాం. ఒక పఫ్‌కి 100 మైక్రోగ్రాములు, ఇక్కడ రాసి ఉంది చూడండి. మూత తీశాను, ఊపాను. కొత్తదైతే ముందు గాల్లోకి రెండు మూడుసార్లు కొట్టండి. ఇదంతా మీకు తెలిసిందే.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగుదాం. ఈ స్టెప్ దగ్గరే నేను ఒక సీజన్ మొత్తం తప్పు చేశాను. ముందు నొక్కేదాన్ని, తర్వాత పీల్చేదాన్ని. మందంతా గొంతు వెనక కొట్టుకుని అక్కడే ఉండిపోయేది. నాలుకకు రుచి తగిలేది కాబట్టి మందు లోపలికి వెళ్లిందనే అనుకునేదాన్ని. మూడో కిలోమీటరుకి ఛాతీ పట్టేసేది, పిల్లికూతలు మొదలయ్యేవి. ఫిట్‌నెస్ తగ్గిందనుకుని ఇంకా గట్టిగా ప్రాక్టీస్ చేశాను, ఇంకా ఆయాసపడ్డాను. చివరికి ఒక నర్సు గారు నా ఎదురుగా కూర్చుని, ఏదీ, ఒకసారి తీసుకుని చూపించమ్మా అన్నారు. చూడగానే పట్టేశారు.

కాబట్టి నెమ్మదిగా చూడండి. ఊపిరి మొత్తం వదిలేయాలి. మొత్తం. పెదవులు గట్టిగా మూశాను. ఇప్పుడు పీల్చడం మొదలుపెట్టాను... మొదలుపెట్టాక నొక్కాను. చూశారా? పీల్పు ముందు, నొక్కు తర్వాత, వెంటనే. ఆ పీల్పు ఆపకుండా, నెమ్మదిగా, లోతుగా. నోరు మూసి 10 సెకన్లు బిగబట్టాలి. ఇంకోసారి పక్క నుంచి చూపిస్తాను, వేలు చూడండి. పీల్పు... నొక్కు... ఆపకుండా పీల్పు... బిగబట్టాను.

ఇది కుదరకపోతే స్పేసర్ పెట్టుకోండి, ఈ గొట్టం. నాకైతే ఇప్పటికీ స్పేసరే ఇష్టం. మందు ముందు గొట్టంలోకి వస్తుంది కాబట్టి టైమింగ్ టెన్షన్ చాలా తగ్గిపోతుంది, గొంతులో అంటుకునేదీ తగ్గుతుంది. కిట్ బ్యాగ్‌లో బూట్ల పక్కనే పడేస్తాను.

రెండో పఫ్‌కి అర నిమిషం ఆగాలి. డాక్టర్ నాకు రెండు రాశారు, మీకు ఎన్ని రాస్తే అన్నే. అయింది. ఫోన్‌లో 15 నిమిషాల టైమర్ పెడుతున్నా. గీత మీద నిలబడి పీల్చి వెంటనే పరుగెత్తకండి, మందుకి టైమ్ ఇవ్వండి.

టైమర్ నడుస్తోంది కదా, అసలు ప్రశ్నకి వద్దాం. మనం గట్టిగా పరుగెత్తేటప్పుడు నోటితో బోలెడంత గాలి పీలుస్తాం. ఆ గాలికి శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. చలిగాలి, పొడిగాలి అయితే మరీ. సాల్బుటమాల్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది. అంటే మూసుకుపోతున్న దారి తెరుచుకుంటుంది. ఉబ్బసం లేనివాళ్లకి ఆ దారి ముందే తెరిచి ఉంది. వాళ్ల ఓర్పుకి హద్దు చాలావరకు గుండె పంపే రక్తం దగ్గర, కండరాల దగ్గర ఉంటుంది. అందుకే మామూలు మోతాదులో పీలిస్తే వాళ్ల ఓర్పు పెరిగినట్టు పరిశోధనల్లో కనిపించలేదు. ఎక్కువ పీలిస్తే చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది.

అయితే ఇదే మందు మాత్రల రూపంలో, పెద్ద మోతాదుల్లో వాడితే బలం మీద, స్ప్రింట్ మీద ప్రభావం చూపించిన పరిశోధనలు ఉన్నాయి. అందుకే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా (WADA), పరిమితి పెట్టింది. స్క్రీన్ మీద చూడండి: పీల్చే సాల్బుటమాల్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. ఈ ఇన్హేలర్‌తో 8 గంటల్లో 6 పఫ్‌లు. మాత్రలు నిషేధం. 2017 స్పెయిన్ సైకిల్ రేసు వుయెల్టాలో బ్రిటన్ సైక్లిస్ట్ క్రిస్ ఫ్రూమ్ మూత్రంలో సాల్బుటమాల్ మిల్లీలీటరుకి 1000 నానోగ్రాముల పరిమితి దాటింది. 2018 జులైలో కేసు మూసేశారు, కానీ అన్ని నెలలూ ఆయన పేరు వార్తల్లో నలిగింది. పోటీల్లో పాల్గొంటే పఫ్‌లు రాసిపెట్టుకోండి. నేను ఫోన్ నోట్స్‌లో టైమ్‌తో సహా రాస్తాను. ఇలాంటిదే ఇంకో రిలీవర్ మందు టెర్బుటలిన్, అది వాడుతుంటే ముందే అనుమతి కావాలి. ప్రతి ఏడాది వాడా నిషేధిత మందుల జాబితా మారుతుంది, కొత్తది చూసుకోండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. రోజూ పరుగుకు ముందు రిలీవర్ తప్పనిసరి అవుతోందంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రోజూ వాడితే దాని రక్షణ తగ్గుతూ వస్తుంది. లోపలి వాపుని తగ్గించేది ప్రివెంటర్, అంటే పీల్చే స్టెరాయిడ్. స్టెరాయిడ్ అన్న పేరుకి భయపడి మానేసినవాళ్లని చూశాను, బాధేస్తుంది. డాక్టర్ రాసిన మామూలు మోతాదులో పీల్చేది నిషేధం కాదు, కండలు పెంచే స్టెరాయిడ్ వేరు. వాడాక నోరు పుక్కిలించండి, అంతే.

మధ్యలో కొంచెం కట్ చేశాను... ఇదిగో, టైమర్ మోగింది. ఇప్పుడు నెమ్మదిగా వార్మప్, మధ్యమధ్యలో చిన్న చిన్న స్ప్రింట్లు. ఇలా చేస్తే చాలామందికి తర్వాత వచ్చే బిగుతు కూడా తగ్గుతుంది. ఇన్హేలర్ జేబులోనే ఉంది. పదండి.