బీటిల్‌కి టైమింగ్ పెడదాం: చెవితో కాదు, బల్బుతో

నమస్కారం అండీ. వెనక మూత తెరిచి ఉన్న ఈ బండి ఫోక్స్‌వాగన్ బీటిల్. 1967 మోడల్, అమెరికాలో అమ్మింది. 1500 సీసీ ఇంజిన్, 12 వోల్టుల కరెంటు. ఇవాళ దీనికి ఇగ్నిషన్ టైమింగ్ పెడదాం, అంటే స్పార్క్ సరిగ్గా ఏ క్షణంలో పడాలో సరిచేద్దాం. రెండు వైర్లు తగిలించిన 12 వోల్టుల బల్బు, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్, స్క్రూడ్రైవర్, స్పానర్లు ఉంటే చాలు. ఇంజిన్ మాత్రం పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రి ఆపిన బండిని నేను పొద్దున్నే ముట్టుకుంటున్నాను.

చాలామంది చెవితో టైమింగ్ పెడతారు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌ని (ఒక్కో సిలిండర్‌కి స్పార్క్ పంచే భాగం) అటూ ఇటూ తిప్పి, ఎక్కడ రయ్యిమంటే అక్కడ బిగించేస్తారు. దీనికి ఆ పని చేయకండి. ఐడిల్‌లో రయ్యిమన్న చోట చాలాసార్లు అడ్వాన్స్ ఎక్కువై ఉంటుంది, అంటే స్పార్క్ మరీ ముందే పడుతుంది. నీళ్లతో చల్లబడే ఇంజిన్ అయితే టెంపరేచర్ ముల్లు లేచి చెప్తుంది. దీనికి రేడియేటరే లేదు, ఆ ముల్లూ లేదు. నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకా కొట్టుకోవడం, మొదలైనా ఫ్యాన్ హోరులో మనకి వినపడదు. పిస్టన్‌కి కన్నం పడ్డాక తెలిసి ఏం లాభం?

సరే, మొదట పాయింట్స్, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్. పాత బజాజ్ స్కూటర్ ఉన్న ఇళ్లలో సీబీ పాయింట్ అంటే అందరికీ తెలుసు, ఇదీ అదే. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీశాను, దాని కింద తిరిగే రోటర్ తీశాను. బండి న్యూట్రల్‌లో ఉంది, తాళం ఆఫ్‌లో ఉంది. జనరేటర్ పుల్లీ నట్టుకి 21 స్పానర్ వేసి ఇంజిన్ని తిప్పుతున్నాను. పాయింట్స్ పూర్తిగా తెరుచుకున్న చోట ఆపాలి. ఇక్కడ గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. గేజ్ కాస్త రాసుకుంటూ జారాలి, వదులుగా ఆడకూడదు. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే బిగించేటప్పుడే అది జరుగుతుంది.

ఈ వరుస మార్చొద్దు. గ్యాప్ పెరిగితే పాయింట్స్ ముందే తెరుచుకుంటాయి, అంటే టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది. మొదటిసారి నేను టైమింగ్ చక్కగా పెట్టేసి, ఆ తర్వాత గ్యాప్ సరిచేసి, తెగ సంబరపడ్డాను. అంతా మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

రోటర్ వెనక్కి పెట్టేశాను. ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నా, డిస్ట్రిబ్యూటర్ అంచు మీద చిన్న గాటు కనిపిస్తోందా? అది ఒకటో సిలిండర్ గుర్తు. రోటర్ ఆ గాటు వైపు వచ్చేదాకా ఇంజిన్ని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి. ఇప్పుడు కింద పెద్ద పుల్లీ చూడండి, దాని మీద రెండు కోతలున్నాయి. ఎడమది 7.5 డిగ్రీలు, కుడిది 10 డిగ్రీలు, రెండూ టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ తన చివరికంటా చేరే చోటు) కన్నా ముందు. మనకి కావలసింది 7.5. ఆ కోత క్రాంక్‌కేస్ అనే ఇంజిన్ పెట్టె రెండు సగాలు కలిసే గీతకి ఎదురుగా రావాలి. దాటిపోయిందా? కొంచెం ఎక్కువే వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకు రండి. నేరుగా వెనక్కి తిప్పి గుర్తు మీద ఆపితే గేర్ల మధ్య వదులు లెక్క చెడగొడుతుంది.

మీ పుల్లీ కూడా ఇలాగే ఉంటుందని అనుకోకండి. ఈ బళ్ల పుల్లీలు ఎన్నోసార్లు మారిపోయి ఉంటాయి. 1971 తర్వాత వచ్చిన, రెండు వాక్యూమ్ గొట్టాలున్న (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకీ వెనక్కీ జరిపేవి) డిస్ట్రిబ్యూటర్ అయితే అసలు లెక్కే వేరు. గొట్టాలు తగిలించి ఉండగా ఐడిల్‌లో టాప్ డెడ్ సెంటర్ దాటాక 5 డిగ్రీలు. దాన్ని ఈ బల్బుతో పెట్టలేం, స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైట్ కావాలి.

ఇప్పుడు బల్బు. ఒక వైరు కాయిల్ (స్పార్క్‌కి కావలసిన పెద్ద వోల్టేజ్ తయారుచేసేది) మీద 1 అని ఉన్న టెర్మినల్‌కి, అంటే డిస్ట్రిబ్యూటర్‌కి సన్న వైరు వెళ్లే చోటికి. రెండోది ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న లోహానికి. తాళం ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. పాయింట్స్ మూసి ఉంటే కరెంటు వాటి గుండానే పోతుంది, బల్బు వెలగదు. తెరుచుకోగానే ఆ దారి మూసుకుపోయి కరెంటు బల్బులోకి వస్తుంది. బల్బు వెలిగే క్షణమే స్పార్క్ పడే క్షణం.

డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర క్లాంప్ బోల్టు వదులు చేశాను. మొదట కుడికి, గడియారం ముల్లు వైపు, బల్బు ఆరేదాకా. ఆరింది. ఇప్పుడు ఎడమకి, మెల్లగా... ఇంకొంచెం... అదిగో! అక్కడే పట్టుకుని బిగించేయండి. తాళం ఆన్‌లో ఉంచి కాఫీకి వెళ్లిపోకండి, కాయిల్ వేడెక్కిపోతుంది.

బిగించాక నమ్మకం కోసం ఇంజిన్ని రెండు పూర్తి చుట్లు తిప్పుదాం. డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరగడానికి క్రాంక్, అంటే కింది పెద్ద పుల్లీ, రెండు చుట్లు తిరగాలి. కోత వస్తోంది, గీత దగ్గరకొచ్చింది, వెలిగింది. కోత గీతని దాటాక వెలిగితే టైమింగ్ వెనకబడినట్టు. డిస్ట్రిబ్యూటర్‌ని ఇంకాస్త ఎడమకి తిప్పాలి.

కొందరి బండిలో 009 అనే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది. దానికి వాక్యూమ్ గొట్టమే ఉండదు. దాన్ని 3000 ఆర్‌పీఎం దాటించి స్ట్రోబ్ లైట్‌తో పెట్టాలి, మొత్తం అడ్వాన్స్ 28 నుంచి 32 డిగ్రీల లోపు. 32 దాటనివ్వకండి, ఐడిల్ ఎంత బాగున్నా సరే.

తాళం ఆఫ్, బల్బు తీసేశాను, 21 స్పానర్ కూడా తీసేశాను. ఇది మర్చిపోతే స్పానర్ ఎగిరి మొహానికి తగులుతుంది. క్యాప్ పెట్టి రెండు క్లిప్పులూ నొక్కాను. స్టార్ట్ చేస్తున్నా, వినండి.