గోరువెచ్చన చేమిరికి, తెర్లడం నీళ్లకి

శ్రోతలకు నమస్కారం.

రాత్రి గోరువెచ్చని పాలలో అరచెంచా చేమిరి వేసి మూత పెడతాం. తెల్లారేసరికి గిన్నెడు పాలూ గడ్డపెరుగు. అరచెంచా గిన్నెంతా పాకింది!

లండన్‌లో జనన మరణాల లెక్కలు చూసే విలియం ఫార్‌కి జబ్బులూ ఇలాగే కనిపించాయి. మశూచి, తట్టు, కలరా వంటి పాకే జబ్బులన్నిటికీ కలిపి 1842లో ఒక పేరు పెట్టాడు: జైమోటిక్. గ్రీకులో జైమే అంటే పిండిని పొంగించే పులుపు. ఒంట్లో జరిగేది అచ్చంగా పులియడమే అనలేదాయన, పులియడం లాంటిది అన్నాడు. ఆ ‘లాంటిది’ నాకెంతో ఇష్టం.

మరి ఈ చేమిరి ఒంట్లోకి ఎలా వస్తోంది? కుళ్లుగాలి వల్ల అనుకున్నాడు ఫార్. 1849 కలరాలో థేమ్స్ నది ఒడ్డు పల్లాల్లో చావులు ఎక్కువ, మెరకన తక్కువ; కుళ్లుగాలి పల్లంలోనే పేరుకుంటుందని ఆయన లెక్క. కాదు, నీళ్లు, నీళ్లు అని డాక్టర్ జాన్ స్నో మొత్తుకున్నా ఫార్‌కి పూర్తిగా నమ్మకం కుదరలేదు. 1858లో స్నో చనిపోయాడు.

1866లో మళ్లీ కలరా. ఫార్ వారం వారం చావుల చిట్టా ముందేసుకుని, ఏ పేటకి ఏ కంపెనీ నీళ్లో చూశాడు. చావులు చాలామటుకు తూర్పు లండన్‌లోనే, ఒకే కంపెనీ గొట్టాలున్న చోట. మేం వడగట్టిన నీళ్లే ఇస్తున్నాం అంది కంపెనీ. మా గొట్టాల్లో ఈల్ చేపలొస్తున్నాయి అన్నారు జనం. పాముల్లా పొడుగ్గా ఉంటాయవి. వడగట్టిన నీళ్లలోకి చేపెలా వస్తుంది? ఆరా తీస్తే ఓల్డ్ ఫోర్డ్‌లో ఆ కంపెనీదే కప్పులేని నీటిగుంట, దాని పక్కనే మురుగు కలిసిన లీ నది. లండన్‌లో ఆ ఏడు 5,500 మందికి పైగా పోయారు. నీళ్లే కారణమని ఫార్ తేల్చి చెప్పాడు. అన్నేళ్లు పట్టుకున్న మాటని తన లెక్కలతోనే వదులుకున్నాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

సూక్ష్మజీవులు తెలిశాక జైమోటిక్ అనే మాట మరుగున పడింది. ఎంజైమ్ అన్నప్పుడల్లా ఆ జైమే ఇంకా మన నోట పలుకుతూనే ఉంది.

ఇక ఒక్క మాట. వానాకాలం కుళాయి నీళ్ల రంగు మారినా, వాసన వేసినా, వీధిలో ఎవరికైనా విరేచనాలని విన్నా, నీళ్లు కాచుకోండి. గోరువెచ్చన చాలదు, అది చేమిరికి. నీళ్లు తెర్లాలి. బాగా తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించండి. మూత పెట్టండి. గ్లాసుతో, వేళ్లతో ముంచకండి, పొడుగు కాడ గరిటెతో తీసుకోండి.