ముందు నోట్‌బుక్ తెరిచి చూడండి

శ్రోతలకు నమస్కారం.

"నాకు లెక్కలంటే ఇష్టం లేదు" అని పిల్లలు అనగానే మన జవాబు తయారుగా ఉంటుంది: "పక్కింటి అమ్మాయికి తొంభై ఐదు వచ్చాయి, నీకేం రోగం?" ఈ మాట విని పుస్తకం తీసిన పిల్లల్ని నేనైతే చూడలేదు.

పదిహేనేళ్ల వయసులో "రాదు" అని ఒప్పుకోవడం నామోషీ. ఇష్టం లేదంటే పరువు దక్కుతుంది. కాబట్టి ఇష్టం గురించి వాదన పెట్టుకోకండి. నోట్‌బుక్ అడిగి తీసుకుని, పెన్ను ఎక్కడ ఆగిందో చూడండి.

పదో తరగతి వర్గ సమీకరణాలే తీసుకుందాం. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 2ఎక్స్ మైనస్ 3 ఈజీక్వల్టు సున్నా. దీనికి జవాబులు ఉన్నాయో లేవో తేల్చే సూత్రం బి స్క్వేర్ మైనస్ 4ఏసీ. అమ్మాయి దాన్ని తప్పు లేకుండా రాసింది. ఇక్కడ సీ మైనస్ 3 కాబట్టి, మైనస్ 4 ఇంటూ మైనస్ 3 ప్లస్ 12 అవుతుంది. 4 కి ఆ 12 కలపాల్సిన చోట తీసేసింది. మైనస్ 8 వచ్చింది, వాస్తవ మూలాలు, అంటే మామూలు సంఖ్యల్లో జవాబులు, లేవని తేల్చేసింది. నిజానికి రావలసింది 16. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుందన్న సంగతి ఏడో తరగతి పాఠం. అక్కడ పట్టు తప్పితే పదో తరగతిలో ఎంత ట్యూషన్ పెట్టించినా డబ్బు దండగే. ఏడో తరగతి పుస్తకం సంపాదించి, రోజుకు ఓ అరడజను లెక్కలు చేయించండి. చిన్నపిల్లల పుస్తకమని మొహం ముడుచుకుంటే, తమ్ముడికో చెల్లెలికో చెప్పమనండి. చెప్పడానికైనా తను నేర్చుకోవాలి కదా!

ఇక ఒకే సబ్జెక్టు మీద ప్రాణం పెట్టుకుని మిగతావి ముట్టని పిల్లలుంటారు. "రామానుజన్ కూడా ఫెయిలయ్యాడుగా" అని మన నోరు మూయిస్తారు. నిజమే. మిగతా కథ కూడా చెప్పండి. కుంభకోణం కాలేజీలో గణితం తప్ప మిగతావి పట్టించుకోక ఆయన స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో ఇల్లు వదిలి విశాఖపట్నం దారి పట్టాడు. అంతటివాడికే అన్ని తిప్పలు.

అలాగని అన్నింట్లో తొంభై రావాలని కూర్చోకండి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో హిందీకి 20 వస్తే పాసని మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. ఎంత తెచ్చుకుంటావో నువ్వే చెప్పు అనండి. యాభై అంటే బేరం ఆడకండి. ఆ యాభైకి ఏయే పాఠాలు చదవాలో మాత్రం ఇవాళే తన చేత్తో రాయించండి.