కుదుపులు లెక్కపెట్టండి, మోటర్ సంగతి తర్వాత చూద్దాం

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, ఇవాళ నా మాటల కంటే ఈ ఇంజన్ల చప్పుడే మీకు బాగా వినపడాలి. టేబుల్ మీద రెండు స్టీమ్ ఇంజన్ మోడల్స్ ఉన్నాయి, రెండూ హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు ఇంజన్లో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. పేరుకే స్టీమ్ ఇంజన్లు, లోపల బొగ్గూ లేదు ఆవిరీ లేదు, 12 వోల్టుల డీసీ మోటర్ ఒకటి ఉందంతే. ఒకదాంట్లో పాతకాలం ఓపెన్ ఫ్రేమ్ మోటర్, అంటే చుట్టూ డబ్బా లేనిది, ఇంకోదాంట్లో కోర్‌లెస్, అంటే తిరిగే భాగంలో ఇనుము లేని మోటర్. రెండిట్లో ఏది మంచిదండీ అని అడిగితే ఠక్కున చెప్పను, ఎందుకంటే ఒకప్పుడు అలాగే ఠక్కున చెప్పేసి బొక్కబోర్లా పడ్డా.

ఏం జరిగిందంటే, ఇప్పుడు కోర్‌లెస్ ఉన్న ఈ ఇంజనే, అప్పట్లో పాత మోటర్‌తో స్లోగా నడిపితే కుంటేది. నడుస్తూ నడుస్తూ ఒక్క క్షణం ఆగినట్టయ్యి మళ్లీ ముందుకు ఎగిరేది. మోటర్ పోయింది అని తేల్చేసి, ఒక కోర్‌లెస్ మోటర్ తెచ్చి, దానికి బ్రాకెట్ కోసి, మోటర్ షాఫ్ట్ మీద మర లాంటి వర్మ్ గేర్ సరిగ్గా కూర్చోబెట్టి, ఇదంతా రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని చేశా, తీరా పట్టాల మీద పెడితే అదే కుంటుడు. ఏమీ మారలేదు! అప్పుడు చిరాకులో చక్రాలని ఒకదానికొకటి కలిపే సైడ్ రాడ్లు ఊడదీసి నడిపా, వెన్నలా వెళ్లిపోయింది. ఒక చక్రం ఇరుసు మీద కొంచెం తిరిగిపోయి ఉందండి. స్టీమ్ ఇంజన్లో చక్రానికి రాడ్ తగిలించే కుడివైపు క్రాంక్ పిన్నుకీ ఎడమవైపు దానికీ 90 డిగ్రీల తేడా ఉంటుంది కదా, ఆ తేడా అన్ని ఇరుసులకీ ఒక్కలాగే ఉండాలి, ఒక్కదానికి తప్పినా రాడ్లు చుట్టుకి ఒకసారి బిగుసుకుంటాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రెండు వారాలు పాపం మోటర్‌ని తిట్టా.

అప్పట్నుంచి నాకు ఒకటే అలవాటు, కుదుపులు లెక్కపెట్టడం. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఒక్కసారి కుదిపితే రాడ్లు చూడండి, రాడ్లు తీసినా పోకపోతే ఇరుసు మీద గేర్ పన్ను చూడండి. ఒళ్లంతా వణికినట్టు సన్నగా అదురుతుంటే మోటర్ షాఫ్టో వర్మో వంకరగా ఉన్నట్టు. లెక్కాపత్రం లేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే కరెంట్ అందట్లేదు, చక్రాలూ పట్టాలూ తుడవండి. ఇవన్నీ అయ్యాకే మోటర్ దగ్గరికి రండి.

ఇప్పుడు మోటర్. ఇక్కడ ఒక తమాషా ఉంది, చాలామంది పట్టించుకోరు. స్పీడునీ 87తో భాగించాం, చక్రాన్నీ 87తో భాగించాం, కాబట్టి స్కేల్ స్పీడులో వెళ్తుంటే బుల్లి చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అసలు చక్రమూ సరిగ్గా అన్నే తిరుగుతుంది. మీటరున్నర చక్రం ఉన్న ఇంజన్ 100 కిలోమీటర్ల స్పీడులో నిమిషానికి దాదాపు 350 చుట్లు తిరుగుతుంది. మన గేర్ 40కి 1, అంటే మోటర్ 40 చుట్లకి చక్రం ఒక చుట్టు అనుకుంటే మోటర్ 14,000 తిరగాలి. అదే షంటింగ్‌కి, అంటే బోగీలు అటూ ఇటూ జరపడానికి, 5 కిలోమీటర్ల స్పీడంటే చక్రం 18 చుట్లు కూడా తిరగదు, మోటర్ 700 తిరిగితే చాలు. ఒకే మోటర్ ఈ చివరా ఆ చివరా రెండూ చెయ్యాలి. 14,000 దగ్గర ఏ మోటరైనా బానే ఉంటుంది, అసలు రంగు బయటపడేది 700 దగ్గరే, అందుకే గిర్రున తిప్పి చూపించి చూశారా ఎంత బావుందో అనేవాళ్లని నేను నమ్మను.

పాత మోటర్లో ఆర్మేచర్‌కి, అంటే తిరిగే భాగానికి, మూడు ఇనప పోల్స్ ఉంటాయి. ఆ ఇనుముని అయస్కాంతం పట్టుకుంటుంది, చేత్తో షాఫ్ట్ తిప్పితే టిక్ టిక్ మని చుట్టుకి ఆరుసార్లు వేలికి తెలుస్తుంది. అందుకే కంట్రోలర్ నాబ్ కొంచెం తిప్పితే కదలదు, ఇంకొంచెం తిప్పితే గంతేస్తుంది. అయిదు పోల్స్ అయితే ఆ పట్లు పదవుతాయి, ఒక్కోటీ చిన్నదవుతుంది, పోల్స్‌ని కొంచెం ఏటవాలుగా పెడితే ఇంకా మెత్తబడుతుంది. కోర్‌లెస్‌లో తిరిగే భాగంలో ఇనుమే లేదు, రాగి తీగ బుట్టలా అల్లి ఉంటుంది, కాబట్టి ఆ పట్టు అనేదే లేదు. కరెంట్ కూడా చాలా తక్కువ తాగుతుంది.

మరి కోర్‌లెసే గెలిచినట్టా అంటే, ఆగండి. ఆ బుట్ట చాలా తేలిక, వేడిని దాచుకోడానికి పక్కన ఇనుము లేదు. ఇంజన్ ఎక్కడో ఇరుక్కుపోయి మీరు చూసుకోకపోతే తీగ తొందరగా కాలుతుంది. పాత కంట్రోలర్లు కరెంట్‌ని సెకనుకి వంద ముక్కలుగా కోసి పంపిస్తాయి, దానికి ఇది జుయ్ మంటూ వేడెక్కుతుంది, సెకనుకి పదహారు ఇరవై వేల ముక్కలు పంపే డీసీసీ డీకోడర్, అంటే డిజిటల్ ఆదేశాలతో మోటర్‌ని నడిపే బుల్లి సర్క్యూట్, ఇంజన్లో ఉంటే హాయి. పైగా తేలిక కాబట్టి పట్టా మీద చిన్న మురికి తగిలినా టక్కున ఆగిపోతుంది.

ఫ్లైవీల్, అంటే షాఫ్ట్ మీద ఒక బరువైన చక్రం, పెడితే సరిపోదా అంటారు. పెట్టండి, కానీ దాంట్లో శక్తి స్పీడు స్క్వేర్‌ని బట్టి ఉంటుంది, 14,000 దగ్గర ఉన్నదాంట్లో 700 దగ్గర మిగిలేది 400వ వంతు. అంటే ఎక్కువ అవసరమైన చోటే ఉండదు! అక్కడ ఆదుకునేది ఎక్కువ చక్రాల నుంచి కరెంట్ తీసుకోవడం, ఇంజన్ వెనకుండే బొగ్గు బండి, టెండర్, దాని చక్రాలతో సహా, లేదంటే డీకోడర్‌కి కరెంట్ కాసేపు దాచుకునే ఒక కెపాసిటర్.

పాత మోటర్ ఉన్నవాళ్లకి ఒక మాట. మీ ఇంజన్ ఈమధ్య మునుపటి కంటే స్పీడుగా పోతోందని మురిసిపోకండి. అయస్కాంతం నీరసపడితే ఖాళీగా తిరిగే స్పీడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది, కరెంట్ ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ఆల్నికో అనే పాతరకం అయస్కాంతం ఉన్న మోటర్ నుంచి ఆర్మేచర్ ఊరికే బయటికి లాగితే కూడా ఇదే జరుగుతుంది, నేను చేశా కాబట్టి చెప్తున్నా. చిన్న నియోడిమియం అయస్కాంతం బిళ్ల వేస్తే మళ్లీ కుర్రదైపోద్ది.

బోగీలు లాగడం మాత్రం మోటర్ కంటే బరువు పని. చక్రాల మీదున్న బరువులో నాలుగో వంతో అయిదో వంతో మాత్రమే లాగుడుగా వస్తుంది, ఆ తర్వాత ఎంత మోటరున్నా చక్రాలు జారడమే. చిన్న మోటర్ వల్ల అసలు లాభం ఇదీ, మిగిలిన చోట బాయిలర్లో సీసం నింపొచ్చు. రబ్బర్ టైర్లు వేసినా లాగుతుంది గానీ ఆ చక్రం నుంచి కరెంట్ రాదు, నాకైతే ఇష్టం లేదు.

సరే, పోల్చి చూద్దాం. రెండూ పది నిమిషాల నుంచి తిరుగుతూ వేడెక్కి ఉన్నాయి, ఒకే పట్టా, అవే నాలుగు బోగీలు, పక్కన మీటర్ స్కేల్ పెట్టా. 5 కిలోమీటర్ల స్పీడులో ఈ మీటరు దాటడానికి నిమిషం పైనే పడుతుంది. ముందు పాత మోటర్ ఉన్నది వదులుతున్నా, మాట్లాడకుండా చక్రం మీద తెల్ల చుక్కనే చూస్తూ కుదుపులు లెక్కపెట్టండి, ఏ ఇంజన్‌కి ఎన్నో మీరే చెప్పాలి.