బరంపురం నుంచి హంపికి: రాయలవారి నగరాన్ని మూడు రోజుల్లో ఎలా చూడాలి

నమస్కారం అండి. నేను బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. మా ఇంట్లో గుమ్మం దాటితే ఒడియా, గుమ్మం లోపల తెలుగు. ఈ వీడియో మనలాంటి వాళ్ల కోసం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉంటూ, ఇంట్లో పెద్దవాళ్లకీ పిల్లలకీ హంపి చూపించాలనుకుంటున్న వాళ్ల కోసం.

నేను హంపి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒక టూర్ బస్సులో. పొద్దున పదకొండింటికి దింపారు, మూడింటికి హారన్ కొట్టి పిలిచేశారు. మండుటెండలో పరుగులు పెట్టడం తప్ప ఏమీ చూడలేదు. ఇంటికొచ్చాక ఏం చూశావని అడిగితే చెప్పడానికి మాట రాలేదు నాకు. చాలా బాధపడ్డాను. రెండోసారి మా అత్తయ్యని, పిల్లలిద్దర్నీ తీసుకుని మేమే సొంతంగా వెళ్లాం. ఆ రెండోసారి ఎలా వెళ్లామో అదే మీకు చెబుతున్నాను.

ముందు బండి సంగతి. బరంపురం నుంచి హోసపేటకి నేరుగా రైలుంది, మనలో చాలామందికి ఈ విషయం తెలీదు. అమరావతి ఎక్స్‌ప్రెస్. హౌరా వైపు నుంచి వచ్చి, విజయవాడ, గుంతకల్లు, బళ్లారి మీదుగా గోవాలోని వాస్కో దాకా వెళ్తుంది. రోజూ ఉండదు కాబట్టి ముందు ఏయే రోజుల్లో ఉందో చూసుకుని, ఆ తర్వాతే సెలవు పెట్టండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పెద్దవాళ్లుంటే కింది బెర్త్ దొరికేలా ఆ మొదటి రోజుల్లోనే చేసేయండి. దాదాపు ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. మేం చింతపండు పులిహోర, మినపరొట్టె కట్టుకెళ్లాం. రెండూ మర్నాటిదాకా నిలిచాయి.

హోసపేటలో దిగితే హంపి 13 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లుంటే హోసపేటలోనే లిఫ్ట్ ఉన్న హోటల్ చూసుకోండి. లేకపోతే హంపి ఊళ్లోనో కమలాపురంలోనో దిగితే పొద్దున్నే గుళ్లకి వెళ్లడం తేలిక. ఆటో మాట్లాడుకునేటప్పుడు గంటల లెక్కన మాట్లాడొద్దు, చూడాల్సిన చోట్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి మాట్లాడుకోండి. అప్పుడు ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టరు. వెళ్లేది నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు అయితే మంచిది. ఒక జత మందపాటి సాక్సులు మాత్రం మర్చిపోకండి. గుళ్లో చెప్పులు విడవాలి, పది దాటితే ఆ బండలు పెనంలా కాలతాయి.

ఇంకో మాట. మా పిల్లలు చదివేది ఒడియా మీడియం, తెలుగు ఇంట్లోనే నేర్చుకున్నారు. హోసపేట బస్టాండులో కన్నడ బోర్డు చూసి మా అమ్మాయి కూడబలుక్కుంటూ చదివేసింది. "అమ్మా, ఇది తెలుగేనా?" అని అడిగింది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలాంటివి కదా. మీ పిల్లల చేత కూడా ఆ బోర్డులు చదివించండి, చాలా సరదా పడతారు.

మొదటి రోజు విరూపాక్ష గుడి. తొమ్మిది అంతస్తుల తూర్పు గాలిగోపురం, సుమారు 50 మీటర్ల ఎత్తు. ఇప్పటికీ పూజలు జరిగే గుడి ఇది. లోపలి రంగమండపాన్ని కృష్ణదేవరాయలు పట్టాభిషేకం సందర్భంగా 1510లో కట్టించారు. పైకప్పు మీద రంగుల బొమ్మలున్నాయి, మెడ నొప్పెట్టినా సరే పైకి చూడండి. అరటిపళ్లు, ప్రసాదం చేత్తో పట్టుకుని నడవకండి, కోతులు లాగేస్తాయి.

ఈ గుడిలో పిల్లలకి తప్పక చూపించాల్సింది ఒకటుంది. గుడి వెనకవైపు ఒక చిన్న చీకటి గది. దాని గోడకి ఒక సన్నటి కంత. ఎదురుగోడ మీద చూస్తే అంత పెద్ద గాలిగోపురం తలకిందులుగా పడుతుంది, కలశాలు కిందకి, ద్వారం పైకి. జనం నీడ అంటారు గానీ అది నీడ కాదు, బొమ్మ. వెలుతురు తిన్నగానే ప్రయాణం చేస్తుంది. గోపురం కొస నుంచి వచ్చిన వెలుగు కంతలోంచి దూరి గోడ కిందిభాగంలో పడుతుంది, అడుగు నుంచి వచ్చింది పైన పడుతుంది. అంతే. ఇంటికొచ్చాక అట్టపెట్టెకి సూదితో కంత పెట్టి, ఎదురువైపు నూనె రాసిన కాగితం అంటించి చూడండి, మీ కిటికీ కూడా అలాగే తలకిందులవుతుంది. మా అబ్బాయి వారం రోజులు ఆ పెట్టె వదల్లేదు.

సాయంత్రం పక్కనే హేమకూటం గుట్ట ఎక్కండి. పెద్ద ఎత్తు కాదు, అత్తయ్య కూడా మెల్లగా ఎక్కేశారు. అక్కడ ఇద్దరు గణపతులు. సాసివెకాళు గణపతి అంటే ఆవగింజ గణపతి, కడలెకాళు గణపతి అంటే శనగగింజ గణపతి. పేర్లు చూసి చిన్నవనుకుంటారేమో, శనగగింజ గణపతి 4.5 మీటర్ల ఎత్తు. పొద్దు గుంకేదాకా అక్కడే కూర్చోండి.

రెండో రోజు తెల్లారగానే విఠల దేవాలయం. గేటు దగ్గర్నుంచి దాదాపు కిలోమీటరు, బ్యాటరీ బండ్లుంటాయి. ఇక్కడ కొన్న టికెట్టుతోనే ఆ రోజు కమల మహల్, కమలాపురం మ్యూజియం కూడా చూడొచ్చు, జాగ్రత్తగా పెట్టుకోండి. 50 రూపాయల కొత్త నోటు వెనకున్న రాతి రథం ఇక్కడిదే. అందరూ ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పక్కకి రండి. రథం ముందున్న ఏనుగులు తర్వాత తెచ్చి పెట్టినవి. వాటి వెనక, చక్రం దగ్గర, ఫోన్ జూమ్ చేసి చూడండి: గుర్రం తోక, వెనక కాళ్లు కనిపిస్తాయి. అసలు రథానికి పూన్చినవి గుర్రాలు. పాట పలికే స్తంభాలని మాత్రం తట్టకండి. తట్టి తట్టి అరిగిపోయాయి, అందుకే ఇప్పుడు ముట్టుకోనివ్వరు. అది సరైన పనే.

మధ్యాహ్నం రాజుల నివాసాలున్న ఆవరణ. కమల మహల్, పదకొండు గదుల ఏనుగుల కొట్టాలు, రాణివాసం స్నానాల మేడ ఇవన్నీ దారిలోనే వచ్చేస్తాయి. ఆగి చూడాల్సింది మెట్ల కోనేరు. 1980ల్లో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాయి పలకలన్నీ ముందే చెక్కించి, తెచ్చి పేర్చారు. దగ్గరగా చూస్తే రాళ్ల మీద గుర్తులు కనిపిస్తాయి: ఏ దిక్కు, ఎన్నో వరస, ఎన్నో రాయి అని. ఆ పనివాళ్లు రాసుకున్న లెక్క ఇంకా చెరగలేదండీ.

దాని పక్కనే మహర్నవమి దిబ్బ. దసరా తొమ్మిది రోజులూ రాయలు కొలువుతీరిన చోటు. పోర్చుగీసు యాత్రికుడు పేస్ దీన్ని విజయ గృహం అన్నాడు, ఒడ్డె రాజు మీద యుద్ధం గెలిచి వచ్చి కట్టించారని రాశాడు. కింది అరుగు మాత్రం అంతకు ముందు నుంచీ ఉందని తవ్వకాలు చేసినవాళ్లు చెబుతారు. ఒడ్డె రాజు అంటే ఎవరు? ఒడిశాని ఏలిన గజపతి ప్రతాపరుద్రుడు. అప్పట్లో మన గంజాం అంతా ఆయన ఏలుబడిలోదే.

ఆ యుద్ధంతో ముడిపడ్డ కృష్ణుడి గుడిని మూడో రోజుకి అట్టేపెట్టాను. ముందు రోజు మ్యూజియం కుదరకపోతే పొద్దున చూసేయండి, శుక్రవారం సెలవు. తర్వాత 1528లో ఒకే బండలో చెక్కిన నరసింహస్వామి, 6.7 మీటర్లు. పక్కనే నీళ్లలో నిలబడ్డ బడవిలింగం. అవయ్యాక నాలుగింటికి కృష్ణుడి గుడికి రండి. ఎవరూ ఎక్కువసేపు ఆగరు ఇక్కడ, నన్నడిగితే హంపి మొత్తంలో మనకి అన్నిటికన్నా దగ్గరిది ఇదే.

ఉదయగిరి కోట ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. అప్పుడది గజపతులది. రాయలు నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గెలిచారు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తెచ్చి, ఈ గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించారు. ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ. తర్వాత సంధి కుదిరింది, కృష్ణకి ఉత్తరాన ఉన్న సీమ గజపతికే తిరిగి వెళ్లింది, ఆయన కూతుర్ని రాయలు పెళ్లాడారు.

గాలిగోపురం కిందనుంచి లోపలికి నడిచి, పది అడుగులు వేశాక ఆగి వెనక్కి తిరగండి. లోపలివైపు ముఖం పడమరకి ఉంటుంది, సాయంత్రం ఎండ తిన్నగా దానిమీద పడుతుంది. ఇటుక మీద సున్నంతో చేసిన బొమ్మలు: గుర్రాలు, ఏనుగులు, డాలు పట్టిన సిపాయిలు. కొన్నిటికి తల లేదు, కొన్నిటికి చెయ్యి లేదు. ఆ బొమ్మలు చూపించేది ఆ ఉదయగిరి యుద్ధమే అంటారు.

అత్తయ్యకి ఇదంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు పైకే చూస్తూ నిలబడ్డారు. "ఇదేటమ్మా, మన రాజుని ఓడించి కట్టిన గుడా ఇది?" అన్నారు. అవునత్తయ్యా అన్నాను. "మరి గెలిచినోడూ మనోడే కదా" అన్నారు. తర్వాత ఖాళీ గర్భగుడి దాకా వెళ్లి, గడప మీద చెయ్యి ఆనించి దండం పెట్టుకుని వచ్చారు.

మీరు వెళ్లినప్పుడు ఆ గోపురం ముందు కనీసం అరగంట ఉండండి. ఎండ ఎర్రబడేటప్పుడు ఆ సిపాయిల ముఖాలు బాగా కనిపిస్తాయి.