కంట్రోలర్ కొనేముందు స్టిక్ లోపల ఏముందో చూడండి | ఎయిట్‌బిట్‌డూ అల్టిమేట్ 2సీ వైర్‌లెస్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందు ఈ స్క్రీన్ చూడండి. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ రేసింగ్ గేమ్ నడుస్తోంది, నేను కుడి ట్రిగ్గర్, అంటే యాక్సిలరేటర్, ఒక్కటే నొక్కి పట్టుకున్నా, స్టీరింగ్ పని చేసే ఎడమ స్టిక్ మీద నా వేలే లేదు, చూడండి బాగా చూడండి, కారు మెల్లగా ఎడమకి లాగుతోంది కదా. మొన్న ఇదే ఆడుతుంటే మా నాన్న వెనకాల నిలబడి చూస్తున్నారు, ఆయన ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి, చూసి చూసి "ఏరా, బండికి అలైన్‌మెంట్ పోయింది, చూపించు" అన్నారు. ఆయన చెప్పింది కరెక్టే, కాకపోతే పోయింది బండికి కాదు, చేతిలో ఉన్న కంట్రోలర్‌కి. దీన్నే స్టిక్ డ్రిఫ్ట్ అంటారు.

ఈ పాత కంట్రోలర్ పెద్ద కంపెనీదే, పేరు చెప్పను, 14 నెలలైంది కొని, వారంటీ 12 నెలలు. మిగతాది మీకు అర్థమైపోయి ఉంటుంది. రిపేర్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇచ్చారు, ఒక పది రోజులు బాగా పనిచేసింది, మళ్ళీ మామూలే. అందుకే ఈ వీడియోలో కొత్త కంట్రోలర్ రివ్యూ చేస్తూనే, అసలు ఈ రోగం ఎందుకొస్తుంది, షాపులో మనం ఏం చూసుకుని కొనాలి, అది ముందు చెప్తా, ఎందుకంటే ఇంట్లో అడిగి అడిగి డబ్బులు తీసుకుని కొనుక్కునే పిల్లలు మన వ్యూయర్స్‌లో చాలా మంది ఉన్నారు, వాళ్ళ డబ్బులు ఏడాదికే పోకూడదు.

పాతదాన్ని విప్పేశా, కెమెరా దగ్గరికి పెడతా చూడండి. ఈ స్టిక్‌కి పక్కన రెండు చిన్న డబ్బాలు కనిపిస్తున్నాయా, ఒకటి ఎడమ కుడికి, ఒకటి పైకి కిందకి. వీటినే పొటెన్షియోమీటర్ అంటారు. పేరు పెద్దగా ఉంది గానీ మీకు తెలిసిన పార్టే, పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా, అదే ఇది. మూత తీస్తే లోపల నల్లటి కార్బన్ పూత, దాని మీద సన్నటి లోహపు కాళ్ళు రుద్దుకుంటూ తిరుగుతాయి. ఇదిగో ఇక్కడ లైట్ పడేలా పెడతా, మధ్యలో ఈ గీత కనిపిస్తోంది కదా, మనం ఎక్కువగా వాడేది మధ్యలోనే కాబట్టి అక్కడే పూత అరిగిపోయింది. అరిగాక స్టిక్ మధ్యలో ఉన్నా "నేను కొంచెం ఎడమకి ఉన్నా" అని గేమ్‌కి చెప్తుంది. ఇందులో మీరు కోపంగా నొక్కడం, కింద పడేయడం ఏమీ లేకపోయినా సరే, రుద్దుకునే వస్తువు అరుగుతుంది అంతే. వస్తువులు విప్పి చూపించే ఐఫిక్సిట్ వాళ్ళు 2021లో పీఎస్5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ విప్పినప్పుడు చెప్పింది కూడా ఇదే, ఆ స్టిక్ మాడ్యూల్ 20 లక్షల సార్లు తిప్పేదాకా వస్తుందన్నదే తయారీదారు ఇచ్చిన లెక్క అని. వినడానికి పెద్ద నంబర్, కానీ షూటింగ్ గేమ్ ఆడేవాడి బొటనవేలు ఆగదు కదా.

మరి దీనికి మందేంటంటే హాల్ ఎఫెక్ట్. స్టిక్ కింద చిన్న అయస్కాంతం ఉంటుంది, ఎదురుగా సెన్సర్ ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి తాకవు, అయస్కాంతం ఎటు కదిలిందో సెన్సర్ పసిగడుతుంది. తాకనప్పుడు అరిగేదేముంది. ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టింది కాదు, ఎడ్విన్ హాల్ అనే ఆయన 1879లో కనుక్కున్నాడు, సెగా వాళ్ళు 1998లో జపాన్‌లో వదిలిన డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ కన్సోల్ కంట్రోలర్‌లోనే ఇది ఉంది. అయినా 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కన్సోల్ కంట్రోలర్లలో, అంటే జాయ్‌కాన్లలో, హాల్ స్టిక్స్ లేవు, పాత జాయ్‌కాన్ డ్రిఫ్ట్ మీద అంత గొడవ జరిగాక కూడా. నాకు ఇది నిజంగా బాధనిపిస్తుంది, తక్కువ రేటు కంట్రోలర్లు పెట్టగలిగిన పార్టు అంత పెద్ద కంపెనీలు పెట్టకపోవడం.

ఒక్క మాట, హాల్ అంటే జీవితాంతం వస్తుందని కాదు. స్టిక్‌ని మధ్యకి తెచ్చేది స్ప్రింగే, స్ప్రింగ్ వదులైతే అదీ ఇబ్బందే. ఇప్పుడు కొత్తగా టీఎమ్ఆర్ అని వస్తోంది, అదీ అయస్కాంతంతోనే, కరెంట్ తక్కువ తీసుకుంటుంది, కదలికని ఇంకా సన్నగా పట్టుకుంటుంది. రేటులో రెండు మూడు వందలే తేడా ఉంటే తీసుకోండి, దాని కోసం డబుల్ మాత్రం పెట్టకండి.

సరే, ఇక షాపింగ్. నేను సికింద్రాబాద్ వెళ్ళా, ప్యారడైజ్ దగ్గర సీటీసీ, చెనాయ్ ట్రేడ్ సెంటర్, మన హైదరాబాద్ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మెట్లెక్కితే చాలు "ఏం కావాలన్నా, గ్రాఫిక్ కార్డా, ర్యామా" అని ప్రతి కౌంటర్ నుంచి పిలుపే. ఒక షాపులో నాకు ఒక డబ్బా చూపించారు, ముందర పెద్ద అక్షరాలతో హాల్ ఎఫెక్ట్ అని ఉంది, ఆర్‌జీబీ లైట్లు, రేటు కూడా బాగుంది. డెమో పీస్ ఉందా అన్నా అంటే ఉందన్నారు. నేను ఎప్పుడూ బ్యాగ్‌లో రెండు పెట్టుకెళ్తా, ఒకటి ఫోన్‌కి యూఎస్‌బీ వస్తువులు కలిపే ఓటీజీ కేబుల్, రెండోది పాడైన హార్డ్ డిస్క్‌లోంచి తీసిన అయస్కాంతం. కంట్రోలర్‌ని ఫోన్‌కి పెట్టి, క్రోమ్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ అని కొట్టి ఓపెన్ చేశా, స్టిక్ అంకెలు కనిపిస్తాయి. అయస్కాంతం స్టిక్ పక్కన పెట్టి అటూ ఇటూ తిప్పా. హాల్ సెన్సర్ అయితే బయటి అయస్కాంతానికి అంకె కొంచెమైనా చలించాలి. ఇక్కడ కదల్లేదు. అదే ట్రిగ్గర్ దగ్గర పెడితే కదిలింది! డబ్బా వెనక్కి తిప్పి చదివితే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, హాల్ ఎఫెక్ట్ ట్రిగ్గర్స్ అని. అంటే అరగని పార్టు ట్రిగ్గర్‌లో పెట్టి, అరిగే స్టిక్‌లో మాత్రం పాతదే పెట్టారు. అబద్ధం రాయలేదు, కానీ కొనేవాడు ఏమనుకుంటాడో వాళ్ళకి తెలుసు. కౌంటర్‌లో అబ్బాయి పాపం అతనికీ తెలీదు, "అన్నా, ఆ అయస్కాంతం ఎక్కడ దొరుకుతుంది" అని నన్నే అడిగాడు.

కాబట్టి డబ్బా మీద హాల్ అని ఉంటే సరిపోదు, స్టిక్స్‌కి హాలా ట్రిగ్గర్స్‌కి హాలా అని కంపెనీ వెబ్‌సైట్‌లో చదవండి. టెస్టర్‌లో ఇంకో పని, స్టిక్‌ని గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి వదిలేయండి, అంకె 0కి దగ్గరగా వచ్చి నిలబడాలి, వదిలిన ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే ఆ పీస్ వద్దు. అలాగే ట్రిగ్గర్‌ని సగం నొక్కండి, అంకె మెల్లగా పెరగాలి, ఒకేసారి 0 నుంచి 1కి దూకితే అది ఆన్ ఆఫ్ స్విచ్, రేసింగ్ గేముల్లో సగం యాక్సిలరేటర్ అనేదే ఉండదు.

నేను చివరికి తీసుకున్నది ఇది, ఎయిట్‌బిట్‌డూ అల్టిమేట్ 2సీ వైర్‌లెస్, పుదీనా రంగు. స్టిక్స్ హాల్, ట్రిగ్గర్స్ కూడా హాల్. 2024లో 29.99 డాలర్లకి వదిలారు, మన దగ్గర రేటు దిగుమతి చేసేవాళ్ళని బట్టి మారుతుంటుంది, అందుకే రెండు మూడు చోట్ల అడగండి. పైన భుజాల దగ్గర మామూలు బటన్ల మధ్యలో ఎల్4, ఆర్4 అని రెండు ఎక్స్‌ట్రా బటన్లు ఉన్నాయి, వాటికి మీకు కావాల్సింది పెట్టుకోవచ్చు, నేను ఎల్4కి స్టిక్ నొక్కే పని ఇచ్చా, పరిగెత్తడానికి, దాంతో స్టిక్ మీద భారం కూడా తగ్గుతుంది.

పీసీకి డాంగిల్‌తో, అంటే యూఎస్‌బీలో పెట్టే చిన్న వైర్‌లెస్ రిసీవర్‌తో, కలుపుకుంటే 1000 హెర్ట్జ్ పోలింగ్. అంటే సెకనుకి వెయ్యిసార్లు మన వేలు ఏం చేస్తోందో చెప్తుంది, 1 మిల్లీసెకండ్‌కి ఒకసారి. మామూలు 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకండ్లు. 60 హెర్ట్జ్ మానిటర్‌లో ఒక ఫ్రేమే 16 మిల్లీసెకండ్లు దాటుతుంది కాబట్టి నిజం చెప్పాలంటే ఈ తేడా మీకు పెద్దగా తెలీదు, 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఫైటింగ్ గేములు ఆడేవాళ్ళకి పనికొస్తుంది. బ్లూటూత్ ఆండ్రాయిడ్ ఫోన్ కోసం.

చేతికి కొంచెం చిన్నగా ఉంటుంది, పెద్ద చేతులవాళ్ళు ఒకసారి పట్టుకుని చూసి తీసుకోండి, మా చెల్లికి మాత్రం అతికినట్టు సరిపోయింది. హెడ్‌ఫోన్ జాక్ లేదు. పీఎస్5కి, ఎక్స్‌బాక్స్‌కి పనిచేయదు, అవి ఉన్నవాళ్ళు దీన్ని తీసుకోకండి, ఇది చాలా మంది తెలీక చేసే తప్పు.

ఇంకోటి, ప్రతి వీడియో కింద అడుగుతున్నారు, బీజీఎంఐ, అదే ఫోన్‌లో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, ఆడొచ్చా అని. బీజీఎంఐకి కంట్రోలర్ సపోర్ట్ లేదు తమ్ముడూ. కంట్రోలర్ బటన్లని స్క్రీన్ టచ్‌లుగా మార్చే కీ మ్యాపింగ్ యాప్ వేసుకుని ఆడితే అకౌంట్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది, ఏళ్ళ తరబడి పెంచుకున్న ఐడీ పోతుంది, ఆ పని చేయొద్దు. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌కి మాత్రం సపోర్ట్ ఉంది.

ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ సీల్ కట్ చేసే ముందు నుంచి ఒకే షాట్‌లో వీడియో తీసుకోండి, లేబుల్ కనపడేలా. వచ్చిన రోజే టెస్టర్ పెట్టి చూడండి, రిటర్న్ గడువు అయ్యాక కాదు. షాపులో అయితే జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు అడగండి, బిల్లు లేకుండా మూడొందలు తగ్గిస్తా అంటారు, తగ్గించుకోకండి, వారంటీ అడగాలంటే చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

పాత కంట్రోలర్ పడేయలేదు. దానికి పట్టే హాల్ మాడ్యూల్స్ రెండు ఆర్డర్ పెట్టా. ఒక్కో స్టిక్‌కి 14 కాళ్ళు, మొత్తం 28 చోట్ల టంకం తీసి మళ్ళీ పెట్టాలి, తర్వాత క్యాలిబ్రేషన్ కూడా చేయాలి. వచ్చే ఆదివారం అది వీడియో తీస్తా. అలైన్‌మెంట్ సరయ్యిందో లేదో నాన్న చేతికే ఇచ్చి చూపిస్తా.