ఆకు కొసలు మాడిపోతున్నాయా? ముందు నీళ్ల సంగతి చూడండి

నమస్కారమండీ. ఇదిగో, ఈ కలాథియా చూడండి, ఆకుల అందం కోసం ఇంట్లో పెంచుకునే మొక్క. కడియం నర్సరీ నుంచి వచ్చినప్పుడు నిగనిగలాడింది. ఇప్పుడు అంచు ముట్టుకుంటే చాలు, అప్పడంలా విరిగిపోతోంది.

ఏ వీడియో చూసినా గాలిలో తేమ లేదు, ఆకుల మీద నీళ్లు స్ప్రే కొట్టండి అంటారు. మన కోనసీమలో తేమకేం కరువండీ! ఏసీ గాలి తిన్నగా తగులుతుంటే కుండీ పక్కకి జరపండి. మిట్టమధ్యాహ్నం ఎండ పడుతున్నా అంతే, జరిపేయండి.

మన దగ్గర అసలు గొడవ నీళ్లది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకి నీళ్లు ఆపేస్తారు కదా, ఇక అందరం బోరు మీద పడతాం. సముద్రం వైపు ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పన. నీళ్లు మొక్క తాగేస్తుంది, ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం మట్టిలో పేరుకుంటుంది. ఇదిగో, కుండీ అంచున తెల్లగా... కనబడిందా? గోటితో గీకితే రాలుతోంది. అదే.

దీన్ని కడిగేయాలి. కడగడం అంటే పైన చెంబుడు పోయడం కాదండీ. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నర్సరీ మొక్కల వేళ్ల చుట్టూ బంకమట్టి ఉంటుంది. ఎండితే అది ముడుచుకుని కుండీకీ మట్టికీ మధ్య ఇలా సందు పడుతుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారిపోతాయి, లోపల ఉప్పు ఉన్నచోటే ఉంటుంది. అందుకని ముందు కుండీని అరగంట బకెట్ నీళ్లలో నానబెట్టండి. మట్టి ఉబ్బి సందు మూసుకుంటుంది. ఇప్పుడు పోయండి, నెమ్మదిగా, ఆగి ఆగి, కుండీ సైజుకి రెండు మూడింతల నీళ్లు. కింద పళ్లెంలో చేరినవి పారబోయండి, మళ్లీ మొక్కకి పోయకండి.

ఏ నీళ్లు? వాననీళ్లు. లేదా ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, నేనదే చేస్తాను. రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఉప్పు పోదు. కాచితే ఇంకా చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, టెన్షన్ ఉండదు. తాగే నీళ్లకే లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు, కలాథియాకి ఇంకా తక్కువుంటే మంచిది.

ఎరువు ఒక నెల ఆపండి. మాడిన అంచుని కత్తెరతో తీసేయండి, పచ్చ భాగం తెగకుండా సన్నటి గోధుమ గీత వదిలేసి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఉంటే వాటికీ వాననీళ్లే పోయండి, ఫ్లోరైడ్ కూడా వాటికి పడదు. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదండీ. కొత్తగా విచ్చుకునే ఆకు కొస ఎలా ఉందో చూసి కామెంట్‌లో పెట్టండి.